ఆ పొక్కుల సంగతి వేరు, సూరత్ సంగతి వేరు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర ఒక పల్లె. వయసు 24. నాలుగేళ్లుగా సూరత్‌లో మగ్గాల పని. దసరాకు ఇంటికొచ్చాను. మాఘమాసంలో మా మేనమామ కూతురితో పెళ్లి ఖాయమైంది. నా బాధ ఎవరికీ చెప్పుకోలేక మీకు రాస్తున్నాను. నా అంగం తల చుట్టూ గట్టులా ఉండేచోట తెల్లటి చిన్న చిన్న పొక్కులు వరసగా ఉన్నాయి. నొప్పి లేదు, దురద లేదు. ఇంటర్ రోజుల నుంచీ ఉన్నట్టే గుర్తు, అప్పుడు పట్టించుకోలేదు. రెండేళ్ల కిందట రూమ్ వాళ్లతో కలిసి ఒక చోటికి వెళ్లాను. ఒక్కసారే. నిరోధ్ వాడలేదు. అప్పటినుంచి ఇవి పెరిగాయని అనుమానం. లాడ్జిలో వారానికోసారి కూర్చునే ఒక వైద్యుడు ‘ఇది సుఖవ్యాధి, ముదిరితే పిల్లలు పుట్టరు’ అని లేహ్యం, పొడి ఇచ్చి 6,500 రూపాయలు తీసుకున్నాడు. తగ్గలేదు. తర్వాత మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు నెల రోజులు రాశాను. ఇప్పుడు మంట మొదలైంది. మా నాయనమ్మ పులిపిర్లకు జీడి పెట్టేది. అది పెట్టమంటారా? పెళ్లి ఆపమంటారా? ఆ పిల్లకు అంటుకుంటే మావయ్య ముఖం ఎలా చూడాలి?

జవాబు: బాబూ, జీడి జోలికి పోకు. మిగతా జవాబు తీరిగ్గా చదువుకో, ఈ మాట మాత్రం ఇప్పుడే విను.

మీ నాయనమ్మగారిని తప్పు పట్టను. చేతి మీదో కాలి మీదో లేచిన పులిపిరికి జీడిసొన పెట్టడం మనవైపు తాతల నాటి అలవాటు. కానీ ఆ సొన చేసే పనల్లా కాల్చడమే. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు ఎప్పుడైనా దగ్గరగా చూశావా? బూడిద రాసుకున్నా, నూనె రాసుకున్నా గోళ్ల చుట్టూ తోలు నల్లబడి పొరలుగా లేస్తుంది. కాయకష్టం చేసి మొద్దుబారిన చేతికే ఆ గతి పడితే, కంటిరెప్పలా పలచగా ఉండే చోట ఏమవుతుందో నువ్వే ఆలోచించు. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు ప్యాంటు వేసుకోలేక లుంగీ ఎత్తి పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. నల్లజీడి గింజ, పూర్వం బట్టల మీద గుర్తులు పెట్టేవాళ్లే అది, సూదికి గుచ్చి దీపం మీద కాల్చి, కారిన సొనను ఒక్కొక్క పొక్కు మీదా అగ్గిపుల్లతో అద్దుకున్నాడట. రెండో రోజుకు అంతా వాచిపోయింది. ముందు చర్మం వెనక్కి రాకుండా బిగుసుకుని, ఒంటేలు చుక్కలు చుక్కలుగా వస్తోంది. మానడానికి నెల పైన పట్టింది. ఇంతా చేసి అతడు కాల్చుకున్నవి నువ్వు రాసినవాటిలాంటి పొక్కులే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో రెండు సంగతులున్నాయి. ఒకటి పొక్కులు, రెండోది సూరత్‌లో ఆ రాత్రి. రెండింటినీ కలిపి నువ్వు ఒకే ముడి వేశావు. చేసిన తప్పుకు ఒంటి మీద గుర్తు పడిందని నీ మనసు నమ్మేసింది. ముడి విప్పి చూస్తే పొక్కుల వైపు భయపడాల్సింది దాదాపు ఏమీ లేదు. ఆ రాత్రి వైపు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పొక్కులతో సంబంధం లేదు. విడివిడిగా చెబుతాను.

‘ఇంటర్ రోజుల నుంచీ ఉన్నట్టే గుర్తు’ అని నువ్వే రాశావు. ఆ మాట దగ్గరే నాకు సగం జవాబు దొరికింది. సూరత్ వెళ్లకముందే ఉన్నవాటికి సూరత్ ఎలా కారణమవుతుంది? పెరిగాయంటావు. రోజుకు ఎన్నిసార్లు చూసుకుంటున్నావు, ఎంత దగ్గర నుంచి చూసుకుంటున్నావు? మొబైల్ టార్చ్ వేసి, కెమెరాలో పెద్దది చేసి చూస్తే ఆవగింజ కూడా సెనగగింజంత అవుతుంది.

నువ్వు వర్ణించిన దాన్ని బట్టి ఇవి వైద్యంలో ‘పెర్లీ పెనైల్ పాప్యూల్స్’ అనేవి. ముత్యాల్లాంటి పొక్కులని అర్థం. ఈ పేరు ఒక కాగితం మీద రాసి ఉంచుకో, తర్వాత పనికొస్తుంది. ఒక్కొక్కటీ గసగసాల గింజ నుంచి ఆవగింజ దాకా, అంటే 1 నుంచి 2 మిల్లీమీటర్లు, ఎక్కడో ఒకటి ఇంకాస్త పెద్దది. ఒంటి రంగులోనో, తెల్లగానో, లేత గులాబీగానో ఉంటాయి. అంగం తలకు అంచున ఉండే గట్టు చుట్టూ పూస గుచ్చినట్టు ఒక వరస, కొందరికి రెండు మూడు వరసలు. కొందరికి చుట్టూరా ఉంటాయి, కొందరికి పైభాగాన మాత్రమే. నొక్కితే చీము రాదు, జిడ్డు రాదు. లోపల ఉండేది మామూలు నారకణజాలం, సన్నని రక్తనాళాలు, అంతే. పూర్వం వీటిని గ్రంథులనుకున్నారు. సూక్ష్మదర్శినిలో చూస్తే గ్రంథి ఆనవాలే లేదు. పులిపిర్లు తెచ్చే వైరస్ ఉందేమోనని వీటిని కోసి వెతికారు కూడా, దొరకలేదు. ఒకరి నుంచి ఒకరికి అంటవు. ముదరవు. క్యాన్సర్‌గా మారవు. పిల్లలు పుట్టడానికీ వీటికీ ఏ సంబంధమూ లేదు.

ఎంతమందికి ఉంటాయంటే, వేర్వేరు దేశాల్లో మగవాళ్లను పరీక్ష చేసి లెక్క తీసినవాళ్లు నూటికి 14 మంది నుంచి 48 మంది దాకా చెప్పారు. ఎవరిని చూశారు, ఏ వయసువాళ్లను చూశారు అన్నదాన్ని బట్టి ఆ తేడా. యుక్తవయసు వచ్చాక బయటపడతాయి, ఇరవైల్లో బాగా కనిపిస్తాయి, వయసు మళ్లేకొద్దీ చాలామందిలో వాటంతట అవే మాసిపోతాయి. సున్తీ అయినవాళ్లలో తక్కువ కనిపిస్తాయని కూడా లెక్కలున్నాయి. అందుకని సున్తీ చేయించుకోమని నేను చెప్పడం లేదు, అంత పని అక్కర్లేదు. నీ సూరత్ రూమ్ సంగతే తీసుకో. ఒకే గదిలో ఎనిమిది మంది, పగటి షిఫ్టు వాళ్లు లేచాక అదే చాప మీద రాత్రి షిఫ్టు వాళ్లు పడుకుంటారు కదా. ఆ ఎనిమిది మందిలో లెక్క ప్రకారం ఒకరికో, ముగ్గురు నలుగురికో ఇవి ఉండాలి. మందు తాగి ఎవడి కష్టం వాడు చెప్పుకుంటారు, జీతం ఎంత పంపిందీ చెప్పుకుంటారు. ఈ సంగతి మాత్రం ఒకడికొకడు చెప్పుకోరు. అందుకే ఎవడికి వాడు తనకొక్కడికే ఉందనుకుంటాడు.

నువ్వు భయపడినందుకు నిన్నేమీ అనను. డాక్టర్లే పొరబడతారు. నేను చదువుకునే రోజుల్లో ఇలాంటి కుర్రాడినే చూసి ‘పులిపిర్లు’ అని కేసు షీటులో రాసి, కాల్చే గదికి పంపబోయాను. మా ప్రొఫెసరు షీటు చదివి ఏమీ అనలేదు. భూతద్దం నా చేతిలో పెట్టి, ‘ఒకటి పట్టుకో, దాని మొదలు ఎక్కడుందో చెప్పు’ అన్నారు. చూశాను. ప్రతి గింజకూ దాని మొదలు దానికే ఉంది. పక్కదానితో కలవలేదు, ఒకదాని నెత్తిన ఇంకొకటి లేవలేదు. అన్నీ ఒకే ఎత్తు, బడిపిల్లలు లైను కట్టినట్టు. ‘ఇప్పుడు అటు చూడు’ అని పక్క మంచం మీది అతణ్ని చూపించారు. అతనివి అసలైన పులిపిర్లు. ఒకే మొదలు నుంచి నాలుగైదు కొమ్మలు, పైన గరుకు, కోడిజుట్టులాగో గోబీపువ్వులాగో. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, వరసా వాయీ లేవు. ఆ రోజు నేర్చుకున్నది ఇప్పటికీ మర్చిపోలేదు.

తేడా ఇంకొకటుంది. పులిపిర్లు కదులుతాయి, అంటే వారాల్లో, నెలల్లో సంఖ్య పెరుగుతుంది, కొత్త చోట మొలుస్తాయి. తెచ్చేది హెచ్‌పీవీ అనే వైరస్, అందులో ఎక్కువగా 6, 11 నంబర్ల రకాలు. సంపర్కం జరిగాక సాధారణంగా మూడు వారాల నుంచి ఎనిమిది నెలల లోపల బయటపడతాయి, ఇంకా ఆలస్యమూ కావచ్చు. నీవి ఇంటర్ నుంచీ ఉన్నచోటే ఉన్నాయి.

ఇంటి దగ్గర చేసుకునే ఒక చిన్న పని చెబుతాను. అద్దం ముందు నిలబడి పై పెదవిని వేళ్లతో కాస్త లాగి, వెలుతురులో చూడు. పెదవి అంచున, లోపలి వైపున, బొంబాయి రవ్వ చర్మం కింద చల్లినట్టు పసుపుపచ్చ చుక్కలు కనిపించవచ్చు. బుగ్గ లోపల కూడా ఉండొచ్చు. పెద్దవాళ్లలో నూటికి డెబ్బై ఎనభై మందికి ఉంటాయి. వీటిని ఫోర్డైస్ చుక్కలంటారు, 1896లో వర్ణించిన అమెరికా చర్మవైద్యుడి పేరు మీద. ఒంటి మీద వెంట్రుక పక్కన ఉండాల్సిన నూనె గ్రంథులు వెంట్రుక లేకుండా విడిగా ఉండిపోతే అవి ఇలా కనిపిస్తాయి. అవే అంగం కాడ మీద, వృషణాల సంచి మీద కూడా ఉంటాయి, చర్మం సాగినప్పుడు మరీ తెల్లగా తేలతాయి. పెదవి మీద ఉంటే ఎవరూ పట్టించుకోరు. రెండడుగులు కిందికి వచ్చేసరికి అదే చుక్క సుఖవ్యాధి అయిపోతుంది! నాకు ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా నవ్వూ, జాలీ కలిగించిన విషయం ఇదే.

ఆ పక్కనే ఇంకొన్ని ఉన్నాయి, వాటికీ జనం హడలిపోతారు. అంగం కింద దారంలా ఉండే చర్మానికి అటొకటి ఇటొకటి జంటగా రెండు గింజలుండటం మామూలే. కాడ మీద వెంట్రుక మొదళ్లు గరుకుగా తగలడం మామూలే. బ్లేడుతో గొరిగాక వెంట్రుక లోపలికి తిరిగి ఎర్రగా పొక్కితే అది గొరిగినందుకు వచ్చింది. కొన్నాళ్లు కత్తెరతో సరిపెట్టుకుంటే పోతుంది. వయసు మళ్లినవాళ్లకు వృషణాల సంచి మీద ఎరుపు, ఊదా రంగు చుక్కలు వస్తాయి, గోకితే నెత్తురొచ్చి పెద్దాయన్ని బెంబేలెత్తిస్తాయి గానీ అవీ నిరపాయమే. అదే సంచి మీద గట్టిగా, గుండ్రంగా, తెల్లగా మినపగింజల్లాంటివి ఉంటే చాలావరకు కొవ్వుగడ్డల్లాంటి తిత్తులే. కింద మధ్యలో కుట్టేసినట్టు గీత ఉందని ఒకాయన విశాఖ దాకా పోయాడు. ఆ గీత మగపుట్టుక పుట్టిన ప్రతివాడికీ ఉంటుంది.

అయితే ఏదొచ్చినా మామూలే అని కూర్చోమని కాదు. నొప్పి లేకుండా పుండు పడితే, అది దానంతటదే మానిపోయినా సరే, చూపించుకోవాలి. సిఫిలిస్ అనే సుఖవ్యాధిలో మొదటి పుండు అలాగే వచ్చి అలాగే పోతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. గుంపుగా నీటిపొక్కులు లేచి చిట్లి మండితే హెర్పీస్ కావచ్చు. ముత్యంలా ఉండి నడిమధ్య బొడ్డులా చిన్న గుంట ఉంటే అది వేరే వైరస్. రాత్రిపూట గోకుడు నిద్ర పట్టనివ్వకుండా ఉండి, ఇంట్లోవాళ్లకో రూమ్ వాళ్లకో కూడా అదే గోకుడు ఉంటే గజ్జి. ఒకే చాప మీద వంతులవారీగా పడుకునే మీ రూముల్లో అది ఒకడితో ఆగదు. ముందు చర్మం కింద ఎర్రబారి, పెరుగు తరకల్లాంటి తెలుపు పడుతూ మళ్లీ మళ్లీ వస్తుంటే షుగరు చూపించుకోవాలి. ఏ గడ్డయినా పుండయినా మూడు నాలుగు వారాలకు మానకపోతే, గట్టిపడుతూ పోతే, వయసు ఎంతైనా ఆలస్యం చేయకూడదు. నీ ఉత్తరంలో వీటిలో ఏ ఒక్కటీ లేదు.

ఉన్నదల్లా ఆ మంట. దానికి కారణం నీ జేబులో ఉంది. మెడికల్ షాపులో ‘అక్కడ పొక్కులు’ అనగానే చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావరకు మూడు మందులు కలిపి ఉంటాయి, ఒకటి ఫంగస్‌కి, ఒకటి సూక్ష్మజీవులకి, మూడోది ఘాటైన స్టెరాయిడ్. మొదటి నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. తర్వాత తోలు ఉల్లిపొరలా పలచబడి, ఎర్రబారి, మండటం మొదలవుతుంది. ఆ చుట్టుపక్కల చర్మం మందును చాలా ఎక్కువగా పీల్చుకుంటుంది. 1967లో అమెరికాలో హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్‌తో చేసిన ప్రయోగంలో ముంజేతి చర్మం కంటే వృషణాల చర్మం 42 రెట్లు ఎక్కువ పీల్చుకుంది. అంగం చర్మమూ అలా పలచనిదే. చర్మం మీద రాసే స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. కౌంటరు దగ్గర ఎవరు చూస్తున్నారు? ట్యూబు ఈ రోజే ఆపేయ్. ఆపాక నాలుగు రోజులు మంట ఇంకాస్త ఎక్కువ అనిపించవచ్చు, కంగారుపడి మళ్లీ రాయకు. ఉత్తి నీళ్లతో కడుక్కో. సబ్బు, డెటాల్, నిమ్మకాయ, పసుపు, ఏదీ వద్దు. వారం లోపల ఒక చర్మ డాక్టరుకు చూపించు. ట్యూబు పెట్టె మాత్రం పారేయకుండా దాచు, వెనక రాసి ఉన్న పేర్లు డాక్టరుకు కావాలి.

లాడ్జి వైద్యుడి గురించి ఎక్కువ రాయను, రాస్తే బీపీ పెరుగుతుంది. సుఖవ్యాధులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా రైలు పెట్టెల్లో, బస్టాండు గోడల మీద ఆ కాగితాలు ఎప్పుడూ ఊడవు. నువ్వు గమనించావో లేదో, అతను నీకు ఏ పరీక్షా చేయలేదు. నువ్వు భయంగా వచ్చావు, భయానికి ధర కట్టాడు. జబ్బే లేకపోతే ‘నయం చేశాను’ అని చెప్పుకోవడం తేలిక. మాసిపోతే లేహ్యం గొప్ప, మాసిపోకపోతే ఇంకో రెండు సీసాలు. ఆ లేహ్యంలో ఏముందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. మిగిలింది ఉంటే పెంటకుప్పలో ఒగ్గేయ్.

ఇక సూరత్.

ఒక్కసారే అని రాశావు. ఒక్కసారికి కూడా జబ్బు అంటవచ్చు, అంటకపోవచ్చు. ఒంటి మీద చూసి అది తేల్చలేం. ఏ పొక్కూ లేనివాడికి కూడా లోపల ఉండొచ్చు, నీలా పొక్కులున్నవాడికి లోపల ఏమీ లేకపోవచ్చు. అందుకే ఇందాకటి నుంచి రెండూ వేరు అంటున్నాను. పొక్కులు నిరపాయమని విని ‘హమ్మయ్య’ అనుకుని రక్తపరీక్ష మానేయకు. హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి, ఈ మూడూ చూపించుకో. రెండేళ్లయింది కాబట్టి, ఆ తర్వాత ఇంకెక్కడికీ వెళ్లలేదంటున్నావు కాబట్టి, కనపడాల్సింది ఇప్పటికి పరీక్షలో కనపడుతుంది. ఒక్కసారి చేసిన పరీక్ష సరిపోతుంది. హెచ్ఐవీ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీ అనే సలహా, పరీక్షల కేంద్రంలో ఉచితం. ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు, నీ ఒప్పుకోలు లేకుండా చేయరు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదని 2017 చట్టం ఉంది. 1097 నంబరుకు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా దగ్గర్లో ఎక్కడుందో చెబుతారు. పెళ్లికి మూడు నెలలుంది, కంగారు లేకుండా అయిపోయే పని.

ఒకవేళ రిపోర్టు తేడాగా వస్తే అప్పుడు కూడా లోకం మునిగిపోదు. సిఫిలిస్ పెన్సిలిన్ సూదులతో నయమవుతుంది. హెచ్ఐవీకి మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, వేళకు వేసుకుంటే మామూలు బతుకు బతకవచ్చు. కానీ అలా వస్తే మాత్రం పెళ్లి సంగతి డాక్టరుతో మాట్లాడి, ఆ అమ్మాయికి తెలియకుండా ముందుకు పోకూడదు. ఈ ఒక్క చోట నేను మొహమాటపడను. ఏమీ లేదని వస్తే, ఆ రాత్రి సంగతి ఆమెకు చెప్పాలా వద్దా అన్నది నీ మనసుకు సంబంధించింది. అది చర్మ డాక్టరు తేల్చే విషయం కాదు.

ఎక్కడికి వెళ్లాలి? నీకు దగ్గర పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రి. ఊళ్లో తెలిసినవాళ్లు ఎదురవుతారని భయమైతే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, లేదా ఇటు శ్రీకాకుళం, ఇంకా దూరమైతే విశాఖ కె.జి.హెచ్. వీటిలో చర్మవిభాగం ఉంది. పెద్దాసుపత్రుల్లో సుఖవ్యాధులకు ‘సురక్ష క్లినిక్’ అని వేరే గది కూడా ఉంటుంది. ఒకటి ముందే చెప్పాలి. చాలా చోట్ల బోర్డు మీద చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు అని మూడూ కలిపి రాసి ఉంటాయి. మన దేశంలో ఈ మూడూ ఒకే చదువు కిందికి వస్తాయి. ఆ బోర్డు చూసి వెనుదిరిగిన కుర్రాళ్లను నేను ఎంతమందినో చూశాను. టోకెన్ తీసుకుని, గోడ వైపు తిరిగి నిలబడి, పేరు పిలిచేసరికి మాయం. ఆ వరసలో నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది తామర, సోరియాసిస్, మొటిమల వాళ్లే. నీ వైపు ఎవరూ చూడరు, ఎవడి గోకుడు వాడిది.

లోపలికి వెళ్లాక ఎలా చెప్పాలన్నది ఇంకో ఇబ్బంది, నాకు తెలుసు. డాక్టరు ఒడియా ఆయన కావచ్చు. నీకు ఒడియా బజారుకు సరిపడా వచ్చు, ఈ మాటలు రావు. తెలుగులోనైనా వస్తాయా? ఉన్న మాటలు రెండే రకాలు, ఒకటి తిట్టు, ఒకటి సంస్కృతం. 1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు, జనం నోట ఉన్న తెలుగులోనే రాయాలని జీవితమంతా పోట్లాడారు. అదే ఊరి ఆసుపత్రిలో ఇప్పటికీ మనవాళ్లు ‘అక్కడ’, ‘కింద’, ‘ఆ పార్టు’ అని నసుగుతూ నిలబడతారు. నువ్వు నసగక్కర్లేదు. ఇందాక రాసి పెట్టుకోమన్న పేరు ఉన్న కాగితం బల్ల మీద పెట్టు, పక్కన ట్యూబు పెట్టె పెట్టు. ‘ఇవి ఇంటర్ నుంచి ఉన్నాయి. ఇది నెల రాశాను, మంట పుడుతోంది. రెండేళ్ల కిందట నిరోధ్ లేకుండా ఒకసారి. పెళ్లి ఉంది, రక్తపరీక్ష కావాలి.’ ఈ నాలుగు ముక్కలు ఏ భాషలో చెప్పినా డాక్టరుకు చాలు. చూపించమంటే చూపించు, సిగ్గుపడి ‘వద్దులెండి’ అనకు. నేను రాసిందంతా నీ మాటల మీద ఆధారపడి రాసింది, కంటితో చూసింది కాదు. భూతద్దం పెట్టి ఒక్క నిమిషం చూస్తే తేలిపోతుంది.

తీసేయవచ్చా అని నువ్వు అడగలేదు, కానీ అడుగుతావు. లేజరుతో తీస్తారు. అవసరం కోసం కాదు, చూపుకు నచ్చనివాళ్ల కోసం. డబ్బవుతుంది, మచ్చ పడవచ్చు, మళ్లీ రావచ్చు, మానేదాకా వారాలు ఆగాలి. పెళ్లికి ముందు ఆ పని పెట్టుకోవద్దు. పైగా ఇప్పుడు ట్యూబు పుణ్యమా అని ఆ చర్మం అలసిపోయి ఉంది, దాన్ని కొన్నాళ్లు వదిలేయడమే మందు.

ఆ అమ్మాయికి అంటుకుంటుందా అన్నావు. ఈ పొక్కులు అంటవు, అంటడానికి వాటిలో ఏమీ లేదు. ఆమె చూసి ఏమనుకుంటుందో అన్నది నీ అసలు భయమైతే, పుట్టుమచ్చలాంటివి, వయసుతో వచ్చినవి అని చెప్పు, అది నిజమే కదా. ఆమె పెదవి మీద రవ్వచుక్కలు ఆమెకూ ఉండి ఉంటాయి.

పర్లాకిమిడికి సోమవారం వెళ్తే రద్దీ ఎక్కువ. మంగళవారమో బుధవారమో పొద్దున్నే టోకెన్ వేళకు చేరుకో. మావయ్య ఈలోగా పెళ్లి పనుల గురించి ఫోన్ చేస్తే ఎత్తి మాట్లాడు, పదిరోజులుగా ఎత్తకపోతే ఆయన ఇంకేదో అనుకుంటాడు.